తుడుము, మోరి, ఒక స్పీకర్ల జత



విశాఖపట్నం నుంచి అరకు లోయకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. నగరంలోని దుకాణంలో అద్భుతంగా పాడిన స్పీకర్ల జత, ఆ మలుపులన్నీ ఎక్కి ఇంటికి చేరాక గొంతు మార్చిందంటే, దాన్ని మళ్లీ మూటగట్టి కిందికి దించడానికి ఒక రోజు పోతుంది, ఒక రోజు కూలి పోతుంది. మైదానంలో ఉన్నవాళ్లకు ఇది చిన్న చికాకు. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు ఉన్నవాళ్లు మాత్రం కొనకముందే విని తేల్చుకోక తప్పదు. ఎలా వినాలి, దేన్ని విని తేల్చుకోవాలి అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

బుక్‌షెల్ఫ్ స్పీకర్లంటే పుస్తకాల అరలో పట్టే పెట్టెలు. అడుగు, మహా అయితే అడుగున్నర ఎత్తు. ఒక్కో పెట్టెలో సాధారణంగా రెండు స్పీకర్లుంటాయి. మంద్ర, మధ్య స్వరాలకు నాలుగు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్. పై స్వరాలకు అంగుళం సైజు ట్వీటర్. ఏ స్వరం దేనికి వెళ్లాలో పంచే సర్క్యూట్‌ను క్రాసోవర్ అంటారు. ఇంట్లో వినడానికి ఇంతకంటే పెద్ద హంగు చాలామందికి అక్కర్లేదు.

ఈ పెట్టెల వెనక వందేళ్ల కథ ఉంది. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఒక కొత్త స్పీకర్‌ను వివరించారు. అయస్కాంతం నడుమ తీగచుట్ట కదులుతుంది, దానికి అతికిన కాగితపు కోన్ గాలిని కదిలిస్తుంది. నేటి వూఫర్లు పనిచేసేదీ ఆ పద్ధతిలోనే. అయితే అప్పట్లో మంద్రం నిండుగా రావాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. 1954లో ఎడ్గార్ విల్చర్, గాలి చొరబడకుండా మూసేసిన చిన్న పెట్టెలో లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకునే స్పీకర్‌ను తయారుచేశాడు. మంచి ధ్వని అరల్లోకి చేరింది అప్పటి నుంచే.

స్పీకర్‌ను పరీక్షించడమంటే, అసలు ధ్వనికీ పెట్టె చెప్పే ధ్వనికీ తేడా పట్టుకోవడం. అసలు ఎలా ఉంటుందో తెలియకపోతే ఆ తేడా చెవికి చిక్కదు. కంప్యూటర్ మీద కూర్చిన సినిమా పాటలో వినిపించే డ్రమ్ము బయట ఎక్కడా మోగలేదు. అది ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ పాటతో స్పీకర్‌ను తూచేవాడు చివరికి తేల్చేది ఒక్కటే, అది తనకు నచ్చిందా లేదా అని. నచ్చడం ముఖ్యమే. కానీ ఇవాళ నచ్చిన అతి గుబగుబ మూడు నెలల తర్వాత తలనొప్పి తెప్పించవచ్చు.

అరకు చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి ఈ విషయంలో నగరవాసికి లేని బలం ఉంది. చైత్రమాసంలో ఇటుకల పండగకు, పెళ్లిళ్లకు, సంబరాలకు థింసా నృత్యం ఆడతారు. బగత, వాల్మీకి, పోర్జ, ఖోండు, కోటియ తెగల ఊళ్లలో ఆడవాళ్లు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా కదులుతుంటే, తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతాయి. మైకు లేదు, స్పీకర్ లేదు. తోలు మీద కర్ర పడిన చప్పుడు, గొట్టంలో ఊదిన ఊపిరి నేరుగా చెవిన పడతాయి. చిన్ననాటి నుంచి ఆ ధ్వని విన్న చెవికి ఏది తుడుమో, ఏది తుడుములా వినిపించే వేరే చప్పుడో ఎవరూ నేర్పక్కర్లేదు. ఖరీదైన పరికరాలు కొలిచేదాన్ని ఆ చెవి చాలావరకు ఉత్తినే కొలుస్తుంది.

అసలు ధ్వనితో పోల్చి వినే ఈ పద్ధతినే ప్రపంచంలో పేరున్న ప్రయోగశాలలు కూడా నమ్మాయి. 1915 నుంచి పదేళ్ల పాటు ఎడిసన్ కంపెనీ ఊరూరా సభలు పెట్టి, గాయకుల చేత పాడించి, మధ్యలో దీపాలార్పి ఫోనోగ్రాఫు వేసి, జనాన్ని తేడా చెప్పమనేది. 1960లలో విల్చర్ కంపెనీ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వాద్యబృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, కాసేపు వాళ్లు వాయించడం, కాసేపు స్పీకర్లు మోగడం అన్న పరీక్ష పెట్టింది. వీటిలో ప్రచారం పాలు ఉంది. ప్రచారం లేకుండా, శ్రద్ధగా, ఏళ్ల తరబడి ఈ పని చేసింది బీబీసీ పరిశోధన విభాగం. స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటే పక్క గదిలో స్పీకర్‌లో వినేవారు. వెంటనే స్టూడియోలోకి వెళ్లి అసలు గొంతు వినేవారు. మళ్లీ స్పీకర్ దగ్గరికి వచ్చేవారు. మాట తేడాగా వస్తే డిజైన్ మార్చేవారు.

అలా పుట్టిన ఒక చిన్న పెట్టె ఇప్పటికీ బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు కొలమానంగా నిలిచింది. దాని పేరు ఎల్ఎస్3/5ఏ. 1970ల తొలినాళ్లలో బయటి ప్రసారాల వ్యానుల్లో వాడుకోవడానికి బీబీసీ దాన్ని రూపొందించింది. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16, బరువు సుమారు అయిదు కిలోలు. ఇరుకు వ్యానులో పెద్ద స్పీకర్ పట్టదు, హెడ్‌ఫోన్స్‌తో పని జరగదు. అందుకే మంద్రం కొంత తగ్గినా సరే, మాట మాత్రం మాటలాగే రావాలని ఆ ఇంజనీర్లు పట్టుబట్టారు. రోజర్స్, స్పెండర్, చార్ట్‌వెల్ వంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని వాటిని తయారుచేశాయి. ఆ పరిశోధనల్లో పాలుపంచుకున్న డడ్లీ హార్వుడ్ 1977లో హార్బెత్ అనే సొంత కంపెనీ పెట్టాడు. యాభై ఏళ్లు దాటినా ఆ చిన్న పెట్టె నమూనాలు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

అందుకే మొదటి పరీక్ష మనిషి గొంతుతో మొదలుపెట్టాలి. ముఖ్యంగా మగ గొంతుతో. మగవాడి మాటలో ఆధార స్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాని మీది అనుస్వరాలు, అంటే దానితో పాటు మోగే పై స్వరాలు, సరిగ్గా పెట్టె చెక్కలు కంపించే మేరలో పడతాయి. చెక్క పలచనై, లోపల ఆనింపు లేకపోతే ఆ చెక్క కూడా మాట్లాడటం మొదలుపెడుతుంది. అప్పుడు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు, జలుబు చేసినట్టు ఉంటుంది. పెట్టె పక్క చెక్క మీద వేలి కణుపుతో తట్టి చూస్తే కొంత తెలిసిపోతుంది. పొట్టిగా, పొడిగా 'టక్' మంటే మంచిది. 'డొంగ్' మని సాగితే ఆ సాగుడు ప్రతి మాటలోనూ కలుస్తుంది.

బీబీసీ చేసిన పనిని అరకులో ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లం లాంటి ఆరుబయట, గాలి లేని వేళ, ఇంట్లో ఒకరి చేత నాలుగు మాటలు మాట్లాడించి ఫోనులో రికార్డు చేయాలి. ఆరుబయట ఎందుకంటే అక్కడ గోడల ప్రతిధ్వని ఉండదు. గదిలో రికార్డు చేసి గదిలోనే వింటే ప్రతిధ్వని రెండుసార్లు కలిసి తీర్పు చెడగొడుతుంది. ఆ రికార్డింగును స్పీకర్‌లో వేసి, అదే మనిషిని స్పీకర్ పక్కన నిలబెట్టి అవే మాటలు చెప్పించాలి. 'స, శ, ష' మూడూ విడివిడిగా తెలుస్తున్నాయా? ఈల వేసినట్టు సాగుతున్నాయా? ఇంట్లోవాళ్లు కళ్లు మూసుకుని ఈ గొంతు ఫలానావారిదని ఇట్టే గుర్తుపడుతున్నారా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులు కరపత్రంలోని అంకెల కంటే ఎక్కువ చెబుతాయి.

రేడియోతో పరీక్షించాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. కొండల్లో ట్రాన్సిస్టర్ పట్టుకున్న తరాలు ఎన్నో ఏళ్లు మీడియం వేవ్ మీదే విన్నాయి. మీడియం వేవ్‌లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటుంది కాబట్టి నాలుగున్నర, అయిదు వేల హెర్ట్జ్ పైనున్న స్వరాలు దాదాపు రావు. మాట తెలుస్తుంది, మెరుపు ఉండదు. ఎఫ్ఎంలో 15 వేల హెర్ట్జ్ వరకు వస్తుంది. కాబట్టి ట్వీటర్‌ను తూచాలంటే ఎఫ్ఎం గానీ, సీడీ గానీ, నాణ్యంగా దాచుకున్న ఫైలు గానీ కావాలి. మీడియం వేవ్ మీద మొద్దుగా వినిపించిన తప్పును స్పీకర్ నెత్తిన రుద్దకూడదు.

పాత పాటలకు మరో ఉపయోగం ఉంది. ఘంటసాల 1950లు, 60లలో పాడిన సినిమా పాటలు మోనోలో ఉంటాయి. అంటే ఎడమ పెట్టెకూ కుడి పెట్టెకూ అచ్చంగా ఒకే సంకేతం వెళ్తుంది. జత సరిగ్గా సరిపోలినదైతే, ఇద్దరు ఘంటసాలలు రెండు మూలల నుంచి పాడరు. ఒక్కడే, పెట్టెలు లేని నడుమ ఖాళీలో నిలబడి పాడతాడు. గొంతు ఒకపక్కకు జరిగినా, పదం పదానికి అటూ ఇటూ ఊగినా, రెండు పెట్టెల్లో ఏదో ఒకటి తేడాగా ఉన్నట్టే. నడుమ ఖాళీ పోయి గొంతు గదంతా చెదిరి, మంద్రం మాయమైతే మాత్రం కంగారు పడనక్కర్లేదు. ఒక పెట్టెకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారయ్యాయి. ఒక కోన్ ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. తీగలు సరిచేస్తే మనిషి మళ్లీ మధ్యలోకి వస్తాడు. దుకాణంలో ఈ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం.

ఇక థింసా.

ముందు తుడుము. గిన్నె ఆకారపు ఈ వాద్యం దెబ్బలో రెండు భాగాలున్నాయి. కర్ర తోలును తాకిన క్షణం ఒకటి, ఆ తర్వాత కడుపులోంచి వచ్చే మోత ఇంకొకటి. చిన్న స్పీకర్లలో చాలావాటికి వెనక గానీ ముందు గానీ ఒక గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. అది వూఫర్ వెనక వైపు గాలిని కూడా వాడుకుని మంద్రాన్ని పెంచుతుంది. శ్రద్ధగా చేస్తే వరమే. అశ్రద్ధగా చేస్తే ప్రతి దెబ్బ తర్వాతా ఒకే స్వరంలో 'భోం' అని తోక మిగులుతుంది. రెండు వేర్వేరు తుడుములు మోగుతున్న రికార్డింగులో రెంటికీ ఒకే తోక వినిపిస్తే, వినిపిస్తున్నది తుడుము కాదు, పోర్టు.

అయిదంగుళాల వూఫర్ నుంచి అసలు తుడుము బలాన్ని ఆశించడం న్యాయం కాదు. అంతే బిగ్గరగా మోగుతూ స్వరం సగానికి దిగాలంటే, అంటే 100 హెర్ట్జ్ నుంచి 50 హెర్ట్జ్‌కు దిగాలంటే, కోన్ నాలుగింతల దూరం కదలాలి. చిన్న కోన్‌కు అంత చోటు లేదు. అయినా తుడుము తుడుములాగే తోచడానికి కారణం మన మెదడు. ఆధార స్వరం బలహీనమైనా పైనున్న అనుస్వరాల క్రమాన్ని బట్టి అది స్థాయిని గుర్తుపడుతుంది. కాబట్టి చిన్న స్పీకర్‌లో చూడాల్సింది ఎంత కిందికి దిగిందని కాదు. దిగినంత మేరా దెబ్బ స్పష్టంగా మొదలై స్పష్టంగా ఆగిందా అని.

డప్పు మరో పాఠం చెబుతుంది. వాయించబోయే ముందు డప్పును మంట దగ్గర కాస్తారు. మంచు, తేమ పట్టిన తోలు సడలిపోతుంది, కాస్తే బిగుస్తుంది. కాచిన డప్పు దెబ్బ కోసినట్టు ఉంటుంది. ఆట సాగేకొద్దీ చల్లబడి మెత్తబడుతుంది, మళ్లీ కాస్తారు. ఈ తేడా కొండ ఊళ్లో పిల్లవాడికి కూడా తెలుసు. మంచి స్పీకర్ ఈ తేడాను చూపాలి. కాచిన డప్పు, చల్లబడిన డప్పు రెండూ ఒకేలా వినిపిస్తే ఆ స్పీకర్ తన రంగును అన్నింటికీ పూస్తోందన్నమాట.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష మోరిది. నోటితో ఊదే ఈ వాద్యం గొంతు పదునైనది. తుడుములు, డప్పులు ఎంత గట్టిగా మోగినా వాటి పైనుంచి దూసుకొస్తుంది. ఆ పదును ఎక్కువగా రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య అనుస్వరాల్లో ఉంటుంది. మనిషి చెవికి అన్నిటికంటే చురుకైన మేర అదే. సగటు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌లో వూఫర్ పని ముగిసి ట్వీటర్ పని మొదలయ్యే చోటు కూడా అక్కడే. ఎల్ఎస్3/5ఏలో ఆ అప్పగింత సుమారు మూడు వేల హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. అప్పగింత సరిగ్గా కుదరకపోతే మోరి పాట పైకి వెళ్తున్నప్పుడు ఒకచోట గొంతు మారుతుంది. కింది స్వరాల్లో ఒక వాద్యం, పై స్వరాల్లో ఇంకో వాద్యం ఊదినట్టుంటుంది. లేదా ఒక్క స్వరం మాత్రం గుచ్చుకుంటుంది. కూర్చుని విన్నప్పుడు ఒకలా, లేచి నిలబడితే ఇంకోలా ఉన్నా అదే జబ్బు. నాదస్వరంతో, సన్నాయితో కూడా ఈ పరీక్ష చేయవచ్చు. విజయనగరం పరిసరాల వారికి వయొలిన్ చెవికి దగ్గర. ద్వారం వెంకటస్వామి నాయుడు 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల అక్కడిదే కదా. కమాను తీగను రాసే గరుకు పోకుండా, ఆ గరుకు గోకుడుగా మారకుండా వినిపిస్తే ట్వీటర్ మంచిదే.

చివర అందెలు. థింసా వరస ఎడమ నుంచి కుడికి కదులుతుంటే అందెల గలగల కూడా కదలాలి. రెండు మైకులతో చేసిన స్టీరియో రికార్డింగు అయితే ఆ వరస రెండు పెట్టెల మధ్య అడుగడుగునా జరుగుతున్నట్టు తెలియాలి. ఎడమ పెట్టెలో మోగి, నడుమ మాయమై, కుడి పెట్టెలో తేలితే, పెట్టెలు మరీ దూరంగా పెట్టారని గానీ, అవి జతగా సరిపోలేదని గానీ అర్థం.

ఇంత శ్రద్ధగా విన్నా మోసపోయే దారి ఒకటుంది. అది కన్ను. కెనడాలో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి స్పీకర్లను పరీక్షించిన ఫ్లాయిడ్ టూల్, ఆయన సహచరుడు షాన్ ఆలివ్ 1994లో ఒక పరిశోధన ప్రచురించారు. అవే స్పీకర్లను అదే మనుషులకు ఒకసారి చూపిస్తూ, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు. కంటికి కనిపించినప్పుడు పెద్దవాటికి, పేరున్నవాటికి మార్కులు పెరిగాయి. తెర దించితే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. విన్నవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. కంటికి అంత పట్టు ఉంది.

ఇంట్లో దీనికి ఒక పలచని నూలు చీర చాలు. రెండు జతలను పక్కపక్కన పెట్టి, ముందు చీర అడ్డం కట్టి, ఇంట్లో ఒకరు తీగలు మారుస్తుంటే మిగతావారు వినాలి. ఏది ఏదో మార్చేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియకూడదు. అయితే రెండు జతలూ ఒకే ధ్వనిస్థాయిలో మోగాలి. ఒక డెసిబెల్ ఎక్కువ మోగినదాన్ని చెవి 'బిగ్గర' అనుకోదు, 'మంచిది' అనుకుంటుంది. ఫోనులో ధ్వనిని కొలిచే యాప్ పెట్టి, కూర్చునే చోట రెంటినీ ఒకే అంకెకు తెచ్చాకే తీర్పు మొదలుపెట్టాలి. దుకాణదారు ఒక జత వేసినప్పుడు వాల్యూమ్ కాస్త పెంచడం, ఇంకో జతకు తగ్గించడం గమనిస్తే, వెంటనే సరిచేయమని అడగాలి. అడగడంలో తప్పు లేదు.

దుకాణంలో విన్నది ఇంట్లో మారడానికి అసలు కారణం గది. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోతుంది. 10 అడుగుల కొలతకు అది 56 హెర్ట్జ్. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగులే అయిన గదిలో మూడు దిక్కులా అదే స్వరం గుట్టపడి, ఒక తుడుము దెబ్బ ఉరిమినట్టు, పక్క దెబ్బ ఊసే లేనట్టు ఉంటుంది. అలాంటి గదిలో పోర్టు లేని మూసిన పెట్టెలు సుఖం. శ్లాబు, టైల్సు, సిమెంటు గోడల గదిలో పై స్వరాలు గోడలకు కొట్టుకుని తిరిగొస్తాయి, మోరి కఠినంగా మారుతుంది. నేల మీద మందపు జంపఖానా, ఎదురు గోడన బట్టల దండెం, పుస్తకాల అర ఉంటే కుదుటపడుతుంది. మట్టి గోడలు, పెంకు కప్పు ఉన్న పాత ఇంటికి ఈ బాధ చాలా తక్కువ. పెంకుల సందుల్లోంచి ధ్వని బయటికి పోతుంది, గరుకు గోడ మిగతాదాన్ని చెదరగొడుతుంది. శ్లాబు ఇంటికి మారినవారు పాత ఇంట్లో బాగా మోగిన స్పీకర్ చెడిపోయిందనుకోకుండా, ముందు గదిని చూడాలి.

పెట్టే తీరుకు కొలతలు తేలికే. రెండు పెట్టెల మధ్య ఎంత దూరమో, కూర్చునే చోటికి ఒక్కో పెట్టె నుంచి దాదాపు అంతే దూరం. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో. గోడకు దగ్గర చేస్తే మంద్రం పెరుగుతుంది, మూలలో పెడితే మరీ పెరుగుతుంది. పోర్టు వెనక ఉంటే గోడకు కనీసం జానెడు ఎడం. పేరులో అర ఉన్నా, అరలో ఇరికించి పెట్టాల్సిన పనేమీ లేదు.

ఇక వాట్లు. సంతల్లో అమ్మే కొన్ని పెట్టెల మీద వేల వాట్ల పీఎంపీఓ అని రాసి ఉంటుంది. ఆ అంకెకు ఒప్పుకున్న ప్రమాణమంటూ ఏదీ లేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా అందే శక్తి. వాటితో పాటు సున్నితత్వం, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు అన్నది. 88 డెసిబెళ్ల స్పీకర్ 10 వాట్లతో చేసే పనికి 83 డెసిబెళ్ల స్పీకర్‌కు 30 వాట్లకు పైగా కావాలి. ఎల్ఎస్3/5ఏ ఈ రెండో రకం. డప్పు దెబ్బ సగటు ధ్వని కంటే 20 డెసిబెళ్లు పైకి లేస్తే, సగటుకు ఒక వాట్ చాలిన చోట ఆ క్షణానికి 100 వాట్లు అడుగుతుంది. ఆంప్లిఫయర్‌కు ఆ నిల్వ లేకపోతే దెబ్బ నలిగిపోతుంది. ఇంకా బలవంతంగా పెంచితే ముందు కాలిపోయేది ట్వీటరే.

కొండవాసులు కరపత్రంలో వెతకాల్సిన మరో మాట, కోన్ చుట్టూ ఉండే అంచు దేనితో చేశారన్నది. ఫోమ్ అంచు తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. లేదా పది, పదిహేనేళ్లకు చేతికి అంటుకునే జిగురుగా మారుతుంది. తూర్పు కనుమల వానాకాలంలో ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. రబ్బరు అంచు నిలుస్తుంది. సెకండ్‌హ్యాండ్ జత కొనేవారు ముందు గుడ్డ ముసుగు తీసి, అంచును వేలికొసతో మెత్తగా తాకి చూడాలి. పూత లేని కాగితపు కోన్‌కు బూజు పడుతుంది, పాలీప్రొపిలీన్ కోన్‌కు ఆ భయం తక్కువ. పెట్టె, చెక్కపీచు అదిమి చేసే ఎండీఎఫ్‌తో చేసినదైతే అంచుల్లో, వెనక స్క్రూల దగ్గర చెక్క బయటపడిందేమో చూడాలి. తేమ తాగిన ఎండీఎఫ్ ఉబ్బితే మళ్లీ సర్దుకోదు. లంబసింగి వంటి చోట్ల పుష్యమాసపు తెల్లవారుజామున రబ్బరు అంచు చలికి బిగుసుకుని ఉంటుంది. కాసేపు తక్కువ వాల్యూమ్‌లో మోగించాకే తీర్పు చెప్పాలి. పిడుగుల కాలంలో ఆంప్లిఫయర్ ప్లగ్గు తీసేయాలి. స్విచ్చి ఆపితే చాలదు.

ఇన్ని పరీక్షలూ నెగ్గిన జత ఇంటికి వచ్చాక తేలే మాట ఒకటుంది. ఇప్పుడు తేలిగ్గా చేతికందే థింసా రికార్డింగుల్లో ఎక్కువ భాగం వేదికల మీద, లౌడ్‌స్పీకర్లలో మోగుతున్నప్పుడు తీసినవి, లేదా కీబోర్డు తాళం కలిపినవి, లేదా ఫోనులో తీసినవి. బిగ్గర దెబ్బ పడగానే ఫోను తనంతట తానే స్థాయి తగ్గించేస్తుంది. తుడుము మోగిన ప్రతిసారీ మోరి కుంగిపోతుంది. స్పీకర్ ఎంత నిజాయితీదైతే ఈ లోపం అంత బాహాటంగా బయటపడుతుంది. దీనికి మందు స్పీకర్ మార్చడం కాదు, రికార్డింగు మార్చడం.

అది అసాధ్యమైన పని కాదు. ఫ్రెంచి రేడియో ఇంజనీర్లు రూపొందించిన ఒక పద్ధతిలో రెండు మైకులు చాలు. వాటి మధ్య 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం. ఊరి మధ్య ఆరుబయట, వరస మొత్తం ఎదురుగా ఉండేలా, మనిషి ఎత్తు కంటే కాస్త పైన వాటిని నిలిపి, స్థాయి చేత్తో ఒకసారి పెట్టి ఇక ముట్టుకోకుండా ఉంటే, బోడ థింసా, గుండేరి థింసా, భాగ్ థింసా వంటి రకాలన్నీ విడివిడిగా, పూర్తిగా పట్టవచ్చు. అరకులో 1996 నుంచి గిరిజన మ్యూజియం ఉంది. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. విశాఖలో ఆకాశవాణి ఉంది. మోరి పట్టే పెద్దలు ఊళ్లలో ఉన్నప్పుడే ఈ మూడు సంస్థలూ కలిసి ఒక చైత్రమాసంలో ఆ పని తలపెట్టాలి. ప్రతి రికార్డింగుకూ ఊరు, నెల, వాయించినవారి పేర్లు, డప్పు ఎప్పుడు కాచారో సహా రాసి పెట్టాలి. మొదటి ప్రతిని ఒక మంచి స్పీకర్ల జతతో సహా ఆ ఊరికే ఇవ్వాలి. తమ తుడుము, తమ మోరి అందులో సరిగ్గా పడ్డాయా లేదా అన్నది వాయించినవారే విని చెప్పాలి. బాగోలేదంటే మళ్లీ మైకులు నిలపాలి.